తెరుచుకున్న ద్వారం
(ఫిడేలు నాయుడుగారి జీవితం, మన విద్యార్థులకు అందులో ఉన్న పాఠం)

తెలుగునాట కళాశాలలు వందలాదిగా ఉన్నాయి. కొన్ని ప్రభుత్వం వారు పెట్టినవి, కొన్ని జమీందారులు పెట్టినవి, కొన్ని దాతల పేరు మీద వెలసినవి. కాని చూపు లేని ఒక్క కుర్రవాడికి చదువు చెప్పించాలన్న ఆలోచనతో పుట్టిన కళాశాల ఒకటి ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. అది విజయనగరం సంగీత కళాశాల. చూపు మందగించి బడి చదువుకు దూరమైన మరొక యువకుడు అందులో చేరదామని వెళ్ళి, ఆచార్యుడై, ఆ తర్వాత దానికే ప్రిన్సిపాల్ అయ్యాడు. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. సంగీత లోకానికి ఆయన ఫిడేలు నాయుడుగారు.

వైకల్యం ఉన్న విద్యార్థి తనకు కావలసిన వసతిని కళాశాలను అడగవచ్చునా, అడిగితే ఇవ్వడం దయా లేక బాధ్యతా అన్న చర్చ మన క్యాంపస్‌లలో ఇప్పుడు బాగా జరుగుతోంది. ఈ చర్చకు నాయుడుగారి జీవితం కంటే మంచి ఉపోద్ఘాతం మరొకటి కనపడదు.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో పుట్టారు. ఆ రోజు దీపావళి. ఇంటింటా దీపాలు వెలిగిన రోజున పుట్టిన బిడ్డకు కంటి వెలుగు మాత్రం కొదవైంది. తండ్రి సైన్యంలో పనిచేసి విరమించుకున్నాక కుటుంబం విశాఖపట్నం చేరింది. నాయుడుగారు పెరిగింది అక్కడే. ఆయనది పూర్తి అంధత్వం కాదు, చూపు బాగా మందం. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని నిజానికి చాలా పెద్దది. బొత్తిగా కనపడని వాడి ఇబ్బంది ఎదుటివారికి వెంటనే తెలుస్తుంది. కొంచెం కనపడే వాడి ఇబ్బందిని ఎవరూ నమ్మరు. నడుస్తున్నాడు కదా, మనిషిని గుర్తుపడుతున్నాడు కదా, బోర్డు మీది లెక్క మాత్రం ఎందుకు కనపడదు అంటారు. అది బద్ధకమో, మొద్దుతనమో అని తేల్చేస్తారు. ఆ రోజుల్లో బడి అంటే నల్లబల్ల, పలక, అచ్చు పుస్తకం. మూడూ కంటితోనే పని. ఆ మూడూ అందని పిల్లవాడికి నాలుగో దారి చూపించే ఏర్పాటు బడిలో లేదు. చూపు మందమన్న కారణంగానే ఆయన చదువు మధ్యలో ఆగిపోయింది.

బడిలో సాగని చదువు ఇంట్లో సాగింది. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారికి వయొలిన్ వచ్చు. ఆయనే తమ్ముడికి తొలి గురువు. సంగీతంలో మొదటి నుంచీ మన పద్ధతి గురువు వాయించడం, శిష్యుడు విని పట్టుకోవడం. చెవి ముందు, పుస్తకం తర్వాత. అక్షరం కనపడని పిల్లవాడికి స్వరం స్పష్టంగా వినపడింది. తెలివి ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న, ఆ తెలివి ఏ దారిన లోపలికి వెళ్తుందన్నదే ప్రశ్న అని ఆ ఇల్లు గ్రహించింది. బడి గ్రహించలేదు. అన్నగారు తమ్ముడి కోసం వేరే సంగీతం తయారు చేయలేదు, ఉన్న సంగీతాన్నే అతనికి అందే దారిలో అందించారు. ఈనాడు చట్టం సహేతుకమైన సర్దుబాటు అని పెద్ద మాట వాడుతోంది. దాని అసలు అర్థం ఇంతకంటే ఎక్కువేమీ లేదు.

ఇక విజయనగరం సంగతి. అప్పటి మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు. ఆ సంస్థానంలో చాగంటి జోగారావుగారనే పెద్దమనిషి ఉండేవారు. ఆయన కుమారుడు గంగబాబుకు చూపు లేదు. ఆ కుర్రవాడికి సంగీతం చెప్పించాలన్న సంకల్పమే కళాశాలకు బీజమైంది. ఒక్క విద్యార్థి అవసరమే కదా, ఇంటికి ఒక మాస్టారుని పంపితే సరిపోయేది. చాలామంది ప్రభువులు అంతటితోనే ఊరుకునేవారు. గజపతిరాజుగారు అలా చేయలేదు. ఒకరి కోసం వచ్చిన ఆలోచనను అందరికీ పనికివచ్చే సంస్థగా మలిచారు. 1919లో విజయరామ గానపాఠశాల వెలసింది. దానికి మొదటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. అష్టావధానం మొదలు అచ్చతెలుగు కవిత్వం దాకా ఆయనకు తెలియని విద్య లేదని ప్రతీతి. అటువంటి మహానుభావుడిని తీసుకువచ్చి ఆ పీఠం మీద కూర్చోబెట్టారంటే మహారాజావారు దీన్ని ఏదో ధర్మకార్యంగా కాక, నిఖార్సయిన విద్యాలయంగానే తలపెట్టారని అర్థం.

కొత్తగా కళాశాల పెట్టారని విని నాయుడుగారు విజయనగరం బయలుదేరారు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళు లోపు. ఆయన వెళ్ళింది విద్యార్థిగా చేరదామనే. ఏదీ, కాస్త వాయించమన్నారట. వాయించారు. విన్నవారికి నోట మాట రాలేదు. ఈయనకు ఇక్కడ నేర్పేవారెవరు, ఈయనే పదిమందికి నేర్పాలి అని తేల్చి, విద్యార్థిగా వచ్చినవాడిని వయొలిన్ ఆచార్యుడిగా నియమించారని పెద్దలు ఈనాటికీ చెప్పుకుంటారు. చెప్పుకోవడంలో కొంత రంగు కలిసి ఉండవచ్చు గాని, 1919 ప్రాంతంలో ఆ చిన్న వయసులో ఆయన ఆ ఉద్యోగంలో చేరిన మాట వాస్తవం.

మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఆ రోజు అక్కడి పెద్దలు ఆయనను ఏమి అడగలేదో గమనించండి. చూపు ఎంత ఉంది, పుస్తకం చదవగలవా, హాజరు పట్టీ నింపగలవా అని మొదలుపెట్టి ఉంటే ఆ ఇంటర్వ్యూ అయిదు నిమిషాల్లో ముగిసేది. వారు ఆ పనికి ఏది ముఖ్యమో అదే పరీక్షించారు. వయొలిన్ నేర్పేవాడికి వయొలిన్ రావాలి. వచ్చు. మిగిలినవి సర్దుకునే విషయాలు. పరీక్ష పెట్టే ప్రతి అధ్యాపకుడూ వేసుకోవలసిన ప్రశ్న ఇదే. నేను పరీక్షించదలచింది ఈ విద్యార్థికి విషయం ఎంత తెలుసుననా, లేక మూడు గంటల్లో ఎన్ని పేజీలు రాయగలడనా?

దాదాపు ఆ కాలంలోనే సముద్రాల ఆవల ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. హెలెన్ కెల్లర్ పేరు మనందరం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నదే. చూపూ వినికిడీ రెండూ లేని ఆమె అమెరికాలో రాడ్‌క్లిఫ్ కళాశాలలో 1900లో చేరి 1904లో బి.ఎ. పట్టా పుచ్చుకున్నారు. తరగతిలో ఉపన్యాసాన్ని ఆమె టీచరు ఆన్ సలివన్ ఎప్పటికప్పుడు ఆమె అరచేతిలో వేళ్ళతో రాసి చెప్పేవారు. ప్రవేశ పరీక్షల్లో మాత్రం ఆ టీచరును దగ్గర ఉండనివ్వలేదు. ప్రశ్నపత్రాలు బ్రెయిలీలోకి మార్చి ఇచ్చారు, అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఆల్జీబ్రాలో వచ్చింది. బ్రెయిలీలో అప్పటికి రకరకాల పద్ధతులు ఉండేవి. గణితపు గుర్తులు ఆమెకు అలవాటైన పద్ధతిలో ఒక విధం, పరీక్ష పత్రంలో మరొక విధం. లెక్క వచ్చి కూడా గుర్తులు తేల్చుకోవడానికే కాలం గడిచిపోయింది. అయినా ఆమె గట్టెక్కారు. దీన్నిబట్టి తెలిసేదేమంటే, ఏదో ఒక వసతి ఇచ్చామనిపించుకోవడం చాలదు. ఆ విద్యార్థికి ఏది పనికివస్తుందో ముందుగా ఆ విద్యార్థినే అడగాలి. అడగకుండా ఇచ్చిన సాయం ఒక్కోసారి కొత్త అడ్డంకి అవుతుంది.

మళ్ళీ విజయనగరానికి వద్దాం. 1936లో నారాయణదాసుగారు విరమించుకున్నాక నాయుడుగారు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ రాజవంశానికే చెందిన విజ్జీ భారత క్రికెట్ జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళిన సంవత్సరం కూడా అదే. ఊరంతా ఆ ముచ్చట్లలో ఉండగా, బోర్డు కనపడక బడికి దూరమైన మనిషి ఒక కళాశాలకు అధిపతి అయ్యాడు. 1953 దాకా ఆయన ఆ కుర్చీలో ఉన్నారు. విజయనగరంలో పుట్టి పెరిగిన పి. సుశీలగారు ఆ కళాశాల విద్యార్థినే. నూకల చిన సత్యనారాయణగారు నాయుడుగారి వద్ద నేర్చుకుని, తర్వాత మన హైదరాబాదులో స్థిరపడి ఎందరినో తీర్చిదిద్దారు. ద్వారం నరసింగరావు నాయుడుగారు, కుమారుడు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు ఆ బాణీని ముందుకు తీసుకుపోయారు. చూపు లేని ఒక్క కుర్రవాడి కోసం తెరిచిన తలుపులోంచి ఎంతమంది లోపలికి వచ్చారో చూడండి. ర్యాంపు కట్టేది చక్రాల కుర్చీ కోసమే అయినా, దాని మీదనే బరువు పెట్టెలు మోసేవారూ, మోకాళ్ళ నొప్పుల తాతగారూ, బిడ్డనెత్తుకున్న తల్లీ నడుస్తారు. ఇదీ అంతే.

ఆ కళాశాలకే మరొక కుర్రవాడు వచ్చాడు. చేతి ఉంగరం అమ్ముకుని రైలెక్కి వచ్చాడు. తీరా వస్తే వేసవి సెలవులు. వెనక్కి పోదామంటే దారి ఖర్చులు లేవు. ప్రిన్సిపాల్‌గారిని బతిమాలుకుంటే కళాశాల ఆవరణలోనే ఉండనిచ్చారని అంటారు. ఆ కుర్రవాడి పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. రూలు ప్రకారం సెలవుల్లో ఎవరినీ ఉండనివ్వనక్కరలేదు. కాని రూలు ఎందుకు పెట్టారో తెలిసినవాడికి, ఎప్పుడు సడలించాలో కూడా తెలుస్తుంది. ఈ కథలో మింగుడుపడని భాగం కూడా ఉంది. తర్వాత తోటి కుర్రవాళ్ళు చేసిన తప్పు తన మీద పడి ఘంటసాలగారు ఆ కళాశాల వదిలిపోవలసి వచ్చిందని అంటారు. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు తమ పేదరికాన్ని కూడా లెక్కచేయక తమ ఇంట్లో పెట్టుకుని చదువు చెప్పారు. ఎంత మంచి సంస్థ అయినా తప్పు చేయగలదు. అప్పుడు ఒక్క అధ్యాపకుడి మంచితనం ఒక జీవితాన్ని నిలబెడుతుంది. కాని ప్రతి విద్యార్థికీ ఒక శాస్త్రిగారు దొరకరు. అందుకే మంచితనాన్ని అదృష్టానికి వదిలిపెట్టకుండా నియమంగా రాసిపెట్టుకోవాలి.

ఇక నాయుడుగారి విద్వత్తు గురించి నాలుగు మాటలు. వయొలిన్ మన వాద్యం కాదు, పడమటి దేశాల నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన వారిలో ముఖ్యులు. అయితే చాలాకాలం అది పక్కవాద్యంగానే ఉండిపోయింది. గాయకుడు పాడినదాన్ని నీడలా అనుసరించడమే దాని పని. నాయుడుగారు కూడా దక్షిణాది విద్వాంసులు ఎందరికో పక్కవాద్యం వాయించారు. కాని ఆయనకు ఆ వాద్యం మీద అపారమైన నమ్మకం. ఒక్క వయొలిన్‌తోనే నిండు కచేరీ చేయవచ్చునని ఆయన వాదన. 1938లో వేలూరులో ఆయన తొలి సోలో కచేరీ జరిగింది. కమాను పట్టడంలో, నాదం సాగదీయడంలో పాశ్చాత్య విద్వాంసుల నుంచి కూడా మంచిని గ్రహించి, మన గమకాలకు భంగం రాకుండా కలుపుకున్నారు. కమాను పొడవునా సాగే ఆ మెత్తని నాదమే ఆయన ముద్ర. పక్కన కూర్చున్న వాద్యాన్ని వేదిక నడుమ కూర్చోబెట్టిన ఘనులలో ఆయనది ముందు వరస. పక్కకు నెట్టబడిన మనిషే ఆ పని చేశాడన్నది యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆలోచింపజేసే యాదృచ్ఛికం.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చి గౌరవించింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధుడైన యెహూదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారింట నాయుడుగారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. శతజయంతి సందర్భంలో 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. విశాఖలో ఆయన విగ్రహం ఉంది.

ఇదంతా చెప్పి ఇప్పుడు మన ఊరి మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి అవుతుంది. ఒకప్పుడు రాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీ లేని మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతం ఇప్పుడు సైబరాబాద్. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1998లో ట్రిపుల్ ఐటీ, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చాయి, అదే ఏడాది సైబర్ టవర్స్ తెరుచుకుంది. నాయుడుగారి చిన్నతనంలో కనపడని అక్షరాన్ని ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే. ఇవాళ కంప్యూటరే తెర మీది అక్షరాన్ని చదివి వినిపిస్తుంది. అటువంటి సాఫ్ట్‌వేర్లలో ఎన్‌వీడీఏ అనేది చూపులేని ఆస్ట్రేలియా యువకుడొకరు 2006లో మొదలుపెట్టినది, పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. యంత్రం సిద్ధంగా ఉంది. చట్టమూ సిద్ధంగా ఉంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో మందచూపు ఉంది, వినికిడి లోపం ఉంది, అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియా వంటివీ ఉన్నాయి. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలి. వయోపరిమితిలో 5 ఏళ్ళ సడలింపు ఇవ్వాలి. పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్ అవసరమైన వారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పాయి. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో, రాస్తుంటే చేయి కొంకర్లు పోయే అభ్యర్థికి స్క్రైబ్ ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో వసతి నిరాకరించడం కుదరదని అందులో తేల్చింది.

ఇంత ఉన్నా అడగనిదే దొరకడం లేదు, అడిగినా ఒక్కోసారి దొరకడం లేదు. మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాగారి సంగతి అందరూ ఎరిగినదే. హైదరాబాదులో పదో తరగతి ముగించాక, చూపు లేదు గనుక ఇంటర్మీడియట్‌లో సైన్సు ఇవ్వమన్నారు. ఆయన కోర్టుకెళ్ళి ఆ హక్కు సాధించుకున్నారు. 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు, అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి వచ్చి ఇక్కడే పరిశ్రమ పెట్టారు. ఆనందించవలసిన విషయమే. కాని ఒక గ్రూపు ఎంచుకోవడానికి పదో తరగతి కుర్రవాడు కోర్టు మెట్లెక్కాలా? మెట్లెక్కలేక ఇంటిదారి పట్టినవారి లెక్క ఎవరి దగ్గర ఉంది?

అందుచేత విద్యార్థి మిత్రులకు ఒక సలహా. అవసరం ఉన్నవారు మొహమాటపడవద్దు. పరీక్ష ముందురోజు కాకుండా, క్లాసులు మొదలైన వారంలోనే ప్రిన్సిపాల్‌గారికి కాగితం మీద రాసివ్వండి. సదరం సర్టిఫికెట్ ఉంటే నకలు జతచేయండి. జబ్బు పేరు రాసి ఊరుకోకండి, మీకు కావలసినదేమిటో విడివిడిగా రాయండి. పెద్ద అక్షరాల ప్రశ్నపత్రమా, అదనపు సమయమా, స్క్రైబా, కింది అంతస్తులో గదా, పాఠం రికార్డు చేసుకోవడానికి అనుమతా, ఏదైతే అది. అందినట్టు తేదీతో సంతకం తీసుకుని ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. తోటి విద్యార్థులారా, ఎవరికైనా అదనపు గంట ఇస్తే వాడికేదో లాభం దొరికిందని గుసగుసలాడకండి. కళ్ళజోడు పెట్టుకుని పరీక్ష రాసేవాడు కాపీ కొట్టినట్టు కాదు గదా!

అధ్యాపకులకు మనవి ఒక్కటే. ఏటా అడ్మిషన్ల రోజున మన వరండాలో నిలబడే వరసలో చూపు మందమైన పిల్లవాడు ఒకడు ఉండవచ్చు. వాడి చేతిలో ఏ వాద్యముందో మనకు తెలియదు. నాయుడుగారి చదువు ఆగిపోయిన బడి పేరు ఈనాడు ఎవరికీ గుర్తు లేదు. ఆయనను లోపలికి రమ్మన్న కళాశాల మాత్రం నూరేళ్ళు దాటి విజయనగరంలో నిలిచి ఉంది. ఆ పిల్లవాడు దరఖాస్తు చేతబట్టుకుని వచ్చినప్పుడు ముందుగా ఒక కుర్చీ చూపించి, నీకేం కావాలి నాయనా అని అడుగుదాం. మిగతావి కూర్చుని మాట్లాడుకోవచ్చు.